ముప్పై తొమ్మిదేళ్ళ ముఠా

పోయినవారం మహతిని మనం మిర్చి షెడ్డు నడిమధ్యన, చేతిలో మైకుతో నిలబెట్టి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళే ముందు, ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. వారం రోజుల్లో మీకూ కొంత మరుపు వచ్చే ఉంటుంది.

చిలకలూరిపేట రోడ్డు పక్కన ఉంది లక్ష్మీనరసింహంగారి మిర్చి షెడ్డు. పౌరోహిత్యం చేసుకునే ఇంట పుట్టి, కొన్నాళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటుండగా మిర్చి వ్యాపారంలోకి దిగిన మనిషి ఆయన. రైతుల దగ్గర కాయ కొని, షెడ్డులో రాశులు పోయించి, ఆడకూలీల చేత తొడిమలు తీయించి, రంగు పోయిన తాలుకాయ వేరు చేయించి, బస్తాలకెత్తించి అమ్ముతారు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు మహతి. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే కొలువు చేసి చేసి విసిగిపోయి, పోయినేడు వచ్చి తండ్రి బల్లకు ఎదురుగా తనూ ఒక బల్ల వేసుకుంది.

వేసుకున్న రోజునుంచీ ఆమెకు ఒకటే ధ్యాస. కొత్త కార్మిక చట్టాలు వచ్చాయి, వాటి నిబంధనలు ఇవాళో రేపో పూర్తిగా చేతికొస్తాయి. పెద్ద కంపెనీ అయినా రేకుల షెడ్డు అయినా పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. నలభై ఏళ్ళు దాటినవాళ్ళకి ఏడాదికోసారి యజమాని ఖర్చుతో వైద్య పరీక్ష చేయించాలి. ఇంకా బోలెడున్నాయి. అధికారి వచ్చి గేటు తట్టాక పరుగులు పెట్టడం మహతి ఒంటికి పడదు. తాడేపల్లిలో యజమానుల కోసం పెట్టిన సదస్సుకు వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, అన్నీ విని వచ్చింది. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు చూద్దాంలే అని చల్లగా కూర్చుంటే ఈమె మాత్రం పెళ్ళివారింటి హడావుడి చేసింది. నియామక పత్రాలు తెలుగులో అచ్చు వేయించింది. ఎక్స్‌రే మిషను ఉన్న వ్యానును గుంటూరు నుంచి మాట్లాడింది, డాక్టర్ హెలెన్‌ను పిలిపించింది. సంగతి అందరికీ తెలియాలని గోడకు పెద్ద అక్షరాలతో నోటీసు అంటించింది.

ఇవాళ ఉదయం వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. మహతి మైకు తీసుకుని, నలభై దాటినవాళ్ళు చెయ్యెత్తండమ్మా అంది. షెడ్డులో నలభై మందికి పైగా ఆడవాళ్ళున్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. పోనీ మైకులో అడిగితే సిగ్గుపడుతున్నారేమోనని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగింది. అందరిదీ ఒకటే వయసు, ముప్పై తొమ్మిది. పోయిన నెలే మనవరాలి పెళ్ళి చేసిన సారమ్మకు ముప్పై తొమ్మిది. ఆ సారమ్మ పెద్దకూతురికీ ముప్పై తొమ్మిదే, తల్లి పక్కనే కూర్చుని మరీ చెప్పింది. సరిగ్గా అక్కడే పోయినవారం మనం ఆగాం.

లక్ష్మీనరసింహంగారు తన బల్ల దగ్గర కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు. అది చూసేసరికి మహతికి ఒళ్ళు మండిపోయింది. నెలరోజులు తిండీ నిద్రా మానుకుని తను ఇంత చేస్తే, నవ్వడానికి మాత్రం ఈయన తయారు. తండ్రి వైపు ఒక చూపు చూసింది. ఆయన వెంటనే పెద్దమనిషి మొహం పెట్టుకుని, ఏదో పని ఉన్నట్టు ఖాళీ బల్ల మీద వెతకడం మొదలుపెట్టారు.

ఈ ముప్పై తొమ్మిది ఎవరు నేర్పిన పాఠమో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మిర్చి పనికి ఎవరూ ఒంటరిగా రారు, ముఠాగా వస్తారు. ముఠాకు ఒక మేస్త్రి. ఎంతమంది కావాలో యజమాని మేస్త్రికి చెబుతాడు, రేపు పనుందో లేదో మేస్త్రి ముఠాకు చెబుతుంది. యజమాని ఏది అడిగినా అందరి తరఫునా మేస్త్రే జవాబిస్తుంది. తరతరాలుగా అదే పద్ధతి. మన మహతి కంపెనీ అలవాటు కొద్దీ మేస్త్రిని పక్కనబెట్టి నేరుగా మైకు పట్టుకుంది. అలా పట్టుకుంటే ముఠా ఏం చేస్తుంది, మేస్త్రి ఏం చెప్పమంటే అదే చెబుతుంది.

ఆ మేస్త్రి పేరు రెబ్కా. మహతి పుట్టకముందునుంచీ ఈ షెడ్డులో ఉంది. చిన్నప్పుడు మహతి ఖాళీ గోనెల మీద పడి నిద్రపోతే ఎత్తుకెళ్ళి ఇంట్లో దించింది ఆమే. మిర్చి చేతులతో కళ్ళు నులుముకుని గుక్కపట్టి ఏడుస్తుంటే చల్లటి పెరుగు రాసి కొంగుతో విసిరింది ఆమే. పదో తరగతి పాసైన రోజున చర్చిలో ఈ పిల్ల పేరు చెప్పి కృతజ్ఞత కానుక వేసి వచ్చింది కూడా. మహతి ఆమెను రెబ్కమ్మా అంటుంది. రెబ్కా మాత్రం తన చేతుల్లో పెరిగిన పిల్లను పాపగారూ అనే పిలుస్తుంది. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

మైకు బల్ల మీద పడేసి మహతి షెడ్డు వెనక్కి వెళ్ళింది. రెబ్కా అక్కడ నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి మెల్లగా, చాలా మెల్లగా చేతులు కడుక్కుంటోంది. మహతి వస్తుందని తెలుసు కాబట్టే అక్కడ ఉంది. మహతి నడుం మీద చేతులు పెట్టుకుని, నీ వయసెంత రెబ్కమ్మా అని అడిగింది. రెబ్కా తొణక్కుండా, అందరితో పాటే నాకూ ముప్పై తొమ్మిది అంది.

"అట్లా అయితే నన్ను చంకనేసుకుని తిరిగిన రోజుల్లో నువ్వు పలక పట్టుకుని బడికి వెళ్తూ ఉండాలి."

ఇంకో రోజైతే రెబ్కా ఈ మాటకు పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి మహతి కోపం కాస్తా బెంగగా మారింది. కూలబడినట్టు డ్రమ్ము పక్కన గట్టు మీద కూర్చుంది. తను ఏం తక్కువ చేసిందని అడిగింది. ఇదంతా మీ మంచికే కదా, రోజంతా ఈ ఘాటులో, ఈ దుమ్ములో కూర్చుంటారు, సాయంత్రం ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుని అదే మందనుకుంటారు, ఒక్కసారి డాక్టరు గుండెలూ ఊపిరితిత్తులూ చూస్తే మీ సొమ్మేం పోతుంది అని బతిమాలింది. నేనంటే నమ్మకం లేదా అని కూడా అడిగేసింది. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది.

రెబ్కా కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"మీరేం తక్కువ చెయ్యలా పాపగారూ. మీ ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ తక్కువ చెయ్యరు. మా భయం అదే."

మహతికి ఈ మాట ముక్క కూడా అర్థం కాలేదు. ఈలోగా లక్ష్మీనరసింహంగారు, కూతురు మేస్త్రితో పోట్లాడుతోందేమో, మధ్యలో దూరి రాజీ చేయాలేమో అనుకుంటూ అటు వచ్చారు. ఆయన్ను చూసి రెబ్కా లేచి నిలబడబోయింది. ఆయన కూర్చోమని సైగ చేశారు. కూర్చుంది గానీ, ఇక చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నేలకేసి చూసింది. తర్వాత ఆయన మొహంలోకే చూస్తూ, మహిమ గుర్తుందా అయ్యగారూ అని అడిగింది.

గుర్తు లేకపోవడమేమిటి. మహిమ రెబ్కాతో పాటు పనిలోకి వచ్చిన మనిషి. ఆమె చేతిలో కాయ పగలకుండా తొడిమ ఊడివచ్చేది, అంత నేర్పు. కొన్నేళ్ళ కిందట ఆమెకు దగ్గు పట్టుకుని వదలకపోతే లక్ష్మీనరసింహంగారే తన కారులో ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్ళి చూపించారు. మందులు తనే కొన్నారు. దుమ్ములో పనిచేయించకండి అని డాక్టరు చెబితే ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మర్నాడు చీరా, పళ్ళూ చేతిలో పెట్టి, ఇన్నాళ్ళు కష్టపడ్డావు చెల్లెమ్మా, ఇంక ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకో అని చెప్పి, ఆటో మాట్లాడి ఇంటికి పంపించారు. తను జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటని ఆయన నమ్మకం. భోజనాల దగ్గర ఆ సంగతి మహతికి ఒకటికి రెండుసార్లు చెప్పారు కూడా.

అదే సంగతి రెబ్కా ఇంకో పక్కనుంచి చెప్పింది. ఆ తర్వాతి సీజనులో మహిమ మందులన్నీ మింగి, దగ్గు తగ్గాక, అన్నం క్యారేజీ పట్టుకుని గేటు దాకా వచ్చింది. అయ్యగారు చూసి, అయ్యో నువ్వెందుకొచ్చావమ్మా, విశ్రాంతి తీసుకోమన్నానుగా అని ఎంతో ప్రేమగా వెనక్కి పంపించారు. ఇక్కడినుంచి జబ్బు చేసి వెళ్ళిన మనిషని తెలిసి ఇంకే షెడ్డువాళ్ళూ, ఇంకే ముఠా ఆమెను చేర్చుకోలేదు. ముఠాలో ప్రతి ఆడదీ ఇది చూసింది. అప్పటినుంచి ఈ షెడ్డులో ఎవరికి దగ్గొచ్చినా కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతారు, అయ్యగారు కనిపెడతారని. ఇప్పుడు పాపగారు ఏకంగా మిషను తెచ్చి పెడితే, ఎవరి పని ముందు పోతుందోనని ముఠా అంతా కూడబలుక్కుంది.

లక్ష్మీనరసింహంగారు ఒక అడుగు ముందుకు వేశారు. "మహిమ ఇంటిపట్టునే ఉందనుకుంటున్నానే నేను. విశ్రాంతిగా ఉందనేగా..."

"ఏం తిని తీసుకుంటది అయ్యగారూ విశ్రాంతి? పేట అవతల పత్తి ఏరబోతంది, ఎండలో. అక్కడ దగ్గేందని అడిగేవాళ్ళు లేరు."

ఆయన గట్టు మీద కూతురి పక్కన కూర్చుండిపోయారు. ఇన్నేళ్ళుగా రోజూ కళ్ళెదుటే తిరుగుతూ ఒక్క మాటయినా చెప్పలేదేమని రెబ్కాను అడిగారు. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు, బాధే ఉంది.

"కోపంతో పంపితే పోట్లాడేదాన్ని. మీరు చీర పెట్టి పంపారు. చెల్లెమ్మా అని పంపారు. దానిమీద ఏమని పోట్లాడను?" అంది రెబ్కా. అని, ఆయన మొహం చూడలేక తన కళ్ళు తుడుచుకుంది.

మహతికి తండ్రి మీద జాలేసింది, రెబ్కా మీద ప్రేమ పొంగింది, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకు సిగ్గేసింది. సదస్సులో చెప్పినవాళ్ళు మొట్టమొదట చెప్పిందే అది. చట్టం ఏం మారుస్తోందో, ఎందుకు మారుస్తోందో ముందు మనుషులతో కూర్చుని మాట్లాడండి అన్నారు. తను గోడకు చెప్పి ఊరుకుంది. కాగితాలు సిద్ధం చేసుకుంటే తయారైపోయినట్టే అనుకుంది. ఇలాంటి తెలివిగల పిల్లలకే ఇలాంటి పొరపాట్లు వస్తుంటాయి, మనం మరీ తిట్టక్కర్లేదు.

లేచి లోపలికి వెళ్ళి రెబ్కా పేరున అచ్చయిన నియామక పత్రం తెచ్చింది. గట్టు మీదే పెట్టుకుని, కింద ఖాళీలో తన చేత్తో రాసి, పైకి చదివింది. వైద్య పరీక్షలో ఏం తేలినా పని పోదు, దుమ్ము తగలని పనిలోకి, అంటే కాటా దగ్గరికో గోనె సంచులు కుట్టే దగ్గరికో మారుస్తాం, కూలి తగ్గదు. ఇది చట్టంలో ఉందా అని రెబ్కా అడిగింది. లేదు, నేను రాస్తున్నాను అంది మహతి. అందరి పత్రాల్లోనూ రాస్తానంది. లక్ష్మీనరసింహంగారు కలం అందుకుని కూతురి సంతకం పక్కన తనూ సంతకం పెట్టారు. మహిమకు కూడా ఒకటి రాయమ్మా, నేనే పట్టుకెళ్ళి ఇస్తాను, నన్ను నాలుగు తిట్టినా పడతాను అన్నారు.

రెబ్కా ఆ పత్రాన్ని జాగ్రత్తగా మడిచి జాకెట్లో పెట్టుకుంది. పెట్టుకుని కూడా కదల్లేదు. తనైతే నమ్ముతుందట. ముఠా మాత్రం కళ్ళతో చూస్తేగానీ నమ్మదట. ఈ షెడ్డు దుమ్ము మాకంటే ఎక్కువ పీల్చింది అయ్యగారు కదా, ముందు ఆయన్ను ఎక్కించండి వ్యాను అంది.

లక్ష్మీనరసింహంగారి మొహం వెలిగింది. తప్పు దిద్దుకోవడానికి ఇంత సులువైన దారి దొరుకుతుందని ఆయన అనుకోలేదు. కండువా తీసి కూతురి చేతిలో పెట్టి, నాకూ ముప్పై తొమ్మిదే రెబ్కా, పోయినేడే దాటాను అంటూ చకచకా నడిచారు. షెడ్డులోనుంచి పోతుంటే ఆడవాళ్ళంతా తల తిప్పి చూశారు. యజమాని చొక్కా గుండీలు విప్పుకుంటూ వ్యాను ఎక్కడం వాళ్ళెప్పుడూ చూడలేదు. సారమ్మ కూతురు ఫక్కున నవ్వింది. సారమ్మ ఆమె తొడ మీద ఒక్కటి వేసి, తనూ నవ్వింది.

రెబ్కా మైకు జోలికి పోలేదు. రాశుల మధ్య నిలబడి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, పాపగారు ఏం రాసిందో, అయ్యగారు దేనిమీద సంతకం పెట్టారో చెప్పింది. దుమ్ములోంచి తీసి సంచుల దగ్గర కూర్చోబెడతారు, అంతేగానీ గేటు బయటికి పంపరు అని రెండుసార్లు చెప్పింది. చెప్పి, కుడిచెయ్యి పైకెత్తింది.

"నాకు అరవై దాటినై. ఇంక మీ ఇష్టం."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత సారమ్మ ఒక చెయ్యి లేపింది. పక్కనున్న కూతురి చెయ్యి తనే పట్టుకుని పైకి లేపింది. అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు లేపారు. ఎర్రటి కారం అంటుకున్న చేతులు. పొద్దున ముప్పై తొమ్మిదేళ్ళే అన్నావుగా అని ఒకరినొకరు దెప్పుకుంటూ, నవ్వుకుంటూ, కొంగులు దులుపుకుని వ్యాను ముందు వరస కట్టారు. అందరికన్నా ముందు రెబ్కా నిలబడింది. మహతి తండ్రి కండువాతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరైనా అడిగితే ఘాటు అని చెబుదామనుకుంది, అదృష్టవశాత్తూ ఎవరూ అడగలేదు.

వ్యాను తలుపు తెరుచుకుంది. డాక్టర్ హెలెన్ దిగి వచ్చి, మహతిని కాస్త పక్కకు పిలిచింది. ఎక్స్‌రేలో ఆయన కుడి ఊపిరితిత్తి మీద మచ్చ కనిపిస్తోందని మెల్లగా చెప్పింది. పాత జబ్బు గుర్తు కావచ్చు, దుమ్ము వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఇక్కడ నిలబడి చెప్పలేనంది. రేపే గుంటూరులో పెద్ద పరీక్షలు చేయించమంది. తేలేదాకా దుమ్ములో కూర్చోకుండా చూసుకోమంది.

ఇంకా ఏదో చెబుతోంది గానీ మహతికి వినబడలేదు. లక్ష్మీనరసింహంగారు గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగి, ఏమంటున్నారమ్మా డాక్టరుగారు, పాసయ్యానా అని అడుగుతూ వచ్చారు. ఆ నవ్వుమొహం చూసి మహతి గబగబా ఆయనకు ఎదురు వెళ్ళింది. ఆ క్షణాన ఆమెకు చట్టాలు గుర్తులేవు, పత్రాలు గుర్తులేవు, తను యజమాని అన్న సంగతీ గుర్తులేదు. ఉన్నది ఒక్క తండ్రి, ఆయనకేదో అయింది. ఆయన చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగా అరుస్తున్నానని ఆమెకు తెలియలేదు.

"ఇంక చాలు నాన్నా. ఇంటికి పదండి. రేపట్నుంచి మీరు ఈ షెడ్డు గేటు తొక్కడానికి వీల్లేదు. ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోండి."

వరసలో నవ్వులు ఆగిపోయాయి. సారమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వరసలోంచి పక్కకు తప్పుకుంది, వెళ్ళి తన రాశి దగ్గర కూర్చుని ఒక కాయ అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు వెళ్ళారు. ఆ వెనక ఇద్దరు ముగ్గురు. లక్ష్మీనరసింహంగారు కూతురి మొహం వైపూ, ఆ వెళ్ళేవాళ్ళ వైపూ మార్చి మార్చి చూశారు. ఆయనకు అర్థమైంది. మహతికి ఇంకా కాలేదు.

రెబ్కా వ్యాను మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. వచ్చి మహతి ఎదురుగా నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

"అయ్యగారికి గోనె సంచులు కుట్టే దగ్గర చోటు లేదా పాపగారూ?"